సోమప్ప మామ లంకె

మా సోమప్ప మామకు ఒకటే జబ్బు. మాటల్లో ఎవరైనా "అందుకే" అన్నారంటే వదలడు. రెండు పిడికిళ్లూ ఎత్తి ఎడంగా పట్టుకుంటాడు.

"ఇది ఒగ మాట. ఇది ఇంగొగ మాట. నడుమ లంకె యాడుండాదప్పా?"

ఎవరిదో గట్టు తగాదాలో సాక్షిగా కదిరి కోర్టుకు తిరిగినప్పుడు, వకీళ్ల వాదనలు విని అంటించుకున్నాడట. ఆ కేసు ఎవరు గెలిచారో ఇప్పుడు అడిగితే చెప్పలేడు.

ఆయన భార్య నాగలక్ష్మమ్మ ఒకరోజు, "రాత్రి సంగటి మిగిలింది, అందుకే పొద్దున గూడా అదే" అంది.

పిడికిళ్లు లేచాయి. "అది మిగిలేదానికి, నేను తినేదానికి లంకె?"

"నేను మళ్లా పొయ్యి ముట్టించను. అదీ లంకె."

"ఆ, ఇప్పుడు కుదిరింది!" అని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వినే ఓపిక నాకొక్కడికే ఉందని, పాఠాలన్నీ నాకే చెప్పేవాడు.

"మేకలన్నీ ఎగురుతాయి. ఇది మేక. అందుకే ఇదీ ఎగురుతాది. ఎట్లుండాది?"

"శుద్ధ అబద్ధం మామా."

"లంకె గట్టిదే అప్పా! మొదటి మాట తప్పు. రెండూ చూడల్ల. మాట నిజమా, లంకె ఉండాదా?"

ఎదురుగా ఉన్న మేక ఎందుకైనా మంచిదని పక్కకు జరిగింది.

జబ్బు అదైతే, సరదా బోరు బండి. రెండువేల రెండు, మూడు కరువుల్లో ఊళ్లో ఎవరు బోరు వేసినా, పెండ్లికి పోయినట్టు ఉతికిన చొక్కా తొడుక్కొని ముందు వరుసలో కూర్చునేవాడు. లేచేసరికి కనురెప్పలు కూడా దుమ్ముతో తెల్లగా ఉండేవి.

ఆ రోజుల్లోనే ఎర్రప్ప చేనులో వరసగా రెండు బోర్లు దుమ్ము కక్కాయి. మూడో బోరుకు బండి వచ్చేలోపు, ఎర్రప్ప భార్య రామక్క, తన కొత్త కోడలు హేమావతి బట్టల పెట్టెను తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఈ పిల్ల కాలు పెట్టినాకనే రెండూ పాయె. అందుకే నీళ్లు పడేదాకా శింగనమలలో వాళ్ల నాయన ఇంట్లో ఉండనీ."

పడకపోతే ఎప్పటిదాకానో ఎవరూ అడగలేదు. హేమావతి తల దించుకొని నిలబడింది. నేను పక్కనే ఉన్న సోమప్ప మామ పిడికిళ్ల వైపు చూశాను. లేవలేదు!

"రామక్కా, ఆ రెండు బోర్ల కాడా నేను ఉంటినా?"

"ఉంటివి. బోరు బండోన్ని గూడా లంకె అడిగి సంపితివి."

"పోయినేడు ఆంజినప్ప వేసిన బోరూ దుమ్మే కక్కె. అప్పుడు ఈ పిల్ల ఈడ లేదు. నేను ఉంటినా?"

"ఉంటివి..."

"తిప్పేష్ బోరు కాడ?"

రామక్క కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో నీ మొగం మండా! అన్నిటి కాడా నువ్వే గదా ముందర కూర్చున్యావు! అయితే నీ కాలేనా?"

"ఏమో, లెక్క అట్లే వస్తాంది" అన్నాడు మామ అమాయకంగా.

పెట్టె లోపలికి పోయింది. మామ ఊరి బయటి బస్టాపుకు పోయాడు.

మూడో బోరులో నీళ్లు పడ్డాయి. ఎక్కువేం కాదు, ఒక చేనుకు సరిపడా. నేను పరుగెత్తి పోయి చెప్పాను.

"మామా, పడినాయి! నువ్వు ఆడ లేవంట, అందుకే పడినాయంట!"

ఆయన పిడికిళ్లు వాటంతట అవే లేచాయి. సగంలో ఆపి, రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

"ఏం మామా, లంకె అడగవా?"

"అడిగితే ఆ పెట్టె మళ్లా అరుగెక్కుతాది. ఆ లంకె కనపళ్యా నీకు?"

అప్పటినుంచి మా ఊళ్లో ఎవరు బోరు వేసినా ముందు ఆయన్ను కదిరి బస్సెక్కిస్తారు. నీళ్లు పడనినాడు, బస్సు నిదానంగా పోయిందంటారు. హేమావతి మాత్రం ప్రతిసారీ వేరుశనగ ఉండలు మూటగట్టి తెచ్చిస్తుంది.

"ఇవెందుకమ్మా?"

"బోరు వేస్తాండారు గదా మామా, అందుకే."

మామ ఒకటి నోట్లో వేసుకొని, కాసేపు నమిలి, తల ఊపుతాడు.

"లంకె గట్టిదే" అని బస్సెక్కుతాడు.