హరిప్రియ అపా తనిఖీ

హరిప్రియ అపా, అంటే హరిప్రియ అక్క, ఎవరు ఏం చెప్పినా నమ్మదు. స్వయంగా చూడాల్సిందే. ఉద్యోగంలో ఉండగా అంటుకున్న జబ్బు అది. కటక్‌లో తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ, "కిలో అంటే కిలోనే, ఒట్టు!" అన్న ప్రతివాడి తక్కెడా తిరగేసి చూసింది. రిటైరయ్యాక తక్కెడలైతే వదిలాయి గానీ జబ్బు వదల్లేదు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూస్తుంది. పెళ్ళి విందులో రొయ్యల కూర అయిపోయిందంటే తిన్నగా వంటశాలలోకి వెళ్ళి గిన్నె మూత ఎత్తి చూస్తుంది. ఓసారి పై వీధి మిశ్రాగారు పోయారని కబురొస్తే, ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలెట్టేలోపే "పద, చూసొద్దాం" అని రిక్షా పిలిచింది. తీరా వెళ్తే మిశ్రాగారు అరుగు మీద కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ మరమరాలు తింటున్నారు. ఆ రోజు నుంచి అపాని తప్పుపట్టే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేకపోయింది.

అలాంటి మనిషిని మహిళా కళాశాల పూర్వ విద్యార్థినుల సంఘంవాళ్ళు, ఆఖరి ఏడు చదివే ఆడపిల్లలకి ఉద్యోగాల దారి చూపమని పిలిచారు. ఏటా చలికాలంలో జరిగే తంతే అది. ఒక్కో పాత విద్యార్థినికి ముగ్గురేసి పిల్లల్ని అప్పగిస్తారు. ఆ పెద్దవాళ్ళు హాల్లో టీ తాగుతూ, సమోసాలు తింటూ, ఆత్మవిశ్వాసం గురించి చెబుతారు. పిల్లలు తల ఊపుతారు. గ్రూపు ఫోటో తీయించుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. ఆ ఏడు హరిప్రియ అపా వాటాకి వచ్చిన ముగ్గురూ రోజలిన్, లిప్స, ఇతిశ్రీ. హాల్లో ఆ ముగ్గురి కోసం పోసిన టీ చల్లారిపోయింది. ఎందుకంటే వాళ్ళు హాల్లో లేరు.

"నువ్వేమవుతావ్?" అని అపా ముందుగా రోజలిన్‌ని అడిగింది.

"లాయర్నవుతాను అపా."

"లాయరంటే ఏంటి?"

"అదే... కోర్టులో గట్టిగా వాదించి, నిజం నిరూపించి..."

"ఎవరు చెప్పారు?"

రోజలిన్ నీళ్ళు నమిలింది. ఎవరు చెప్పారో చెబితే ఏ సినిమా హాలో చెప్పాల్సొస్తుంది.

"పద, చూసొద్దాం."

అరగంటలో నలుగురూ కోర్టు బల్ల మీద కూర్చున్నారు. జడ్జిగారు కళ్ళజోడు కిందికి దింపి వీళ్ళ వైపు చూశారు. "మీరు కానివ్వండి, మేం చూడ్డానికొచ్చాం" అంది అపా. సిగ్గుతో ఇతిశ్రీకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బయటికొచ్చాక రోజలిన్ ఉసూరుమంది.

"ఎవరూ అరవలేదు అపా. అందరూ వాయిదాలే అడుగుతున్నారు."

"ఇంకా లాయరవుతావా?"

"అవుతాను. వాయిదా అడగడం నాకు పుట్టుకతో వచ్చు. మా అమ్మనడగండి."

లిప్సకి బ్యాంకు ఉద్యోగం మోజు. చల్లగా ఏసీలో కూర్చోవచ్చని. అపా పింఛన్ల రోజు చూసి మరీ తీసుకెళ్ళింది. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్న లిప్స చెవిలో ప్రతి ముసలాయనా "గట్టిగా చెప్పమ్మా!" అని అరిచాడు. మధ్యాహ్నానికి లిప్స గొంతు పోయింది. "ఏసీ ఉంది గానీ అపా, దాని గాలి కౌంటరు దాకా రావట్లేదు" అని గుసగుసలాడింది. అయినా ఆ ముసలివాళ్ళలో ఒకాయన చెయ్యి పట్టుకుని దీవించాడట, అది మాత్రం బాగుందట.

వింతేమిటంటే, ఇలా పిలవని పేరంటానికి ఎక్కడికి వెళ్ళినా ఒక్కరంటే ఒక్కరు కూడా మెడపట్టి బయటికి గెంటలేదు. ఇన్‌స్పెక్టరు మొహం చూసి జడుసుకుంటున్నారనుకున్నారు పిల్లలు.

ఇక ఇతిశ్రీ. అది నోరు విప్పని పిల్ల. రెండు వారాలు బతిమాలించుకుని, చివరికి చెప్పులకేసి చూస్తూ చెప్పింది.

"స్టేషన్ మాస్టర్నవ్వాలని ఉంది అపా."

మిగతా ఇద్దరూ కిసుక్కుమన్నారు. అపా నవ్వలేదు, నమ్మనూ లేదు. కటక్ స్టేషన్ పాదచారుల వంతెన మీదికి తీసుకెళ్ళి నిలబెట్టింది. కాసేపటికి కింద నుంచి బొగ్గు బండి ఒకటి వంతెనని గజగజలాడిస్తూ పోయింది. అందరూ బండిని చూశారు. అపా మాత్రం ఇతి మొహాన్నే చూస్తూ నిలబడింది.

"సరే, నిజమే" అంది.

ఇతి బతుకులో తన మాటని ఒకరు నమ్మడం అదే మొదటిసారి. ఆ పూటంతా దానికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

డిగ్రీ అయింది. ఇతి రైల్వే పరీక్ష రాసింది. ప్యాసయింది. సోమవారం శిక్షణకి రమ్మన్నారు. అప్పుడు పడింది అసలు పిడుగు, అదీ ఇంట్లోనే.

ఇతి తండ్రి గదాధర్ సాహు వెండి తీగపని చేస్తాడు. వెంట్రుకలాంటి తీగతో పూలూ నెమళ్ళూ అల్లుతాడు. దసరా దగ్గరపడి అమ్మవారి వెండి మకరతోరణం పనిలో ఊపిరి సలపకుండా ఉన్నాడు.

"పరీక్ష రాసుకోమన్నాను గానీ, ప్యాసవమన్నానా?" అన్నాడు.

"బాపా, సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

"ఇచ్చుకోనీ. ఊరు కాని ఊళ్ళో, అర్ధరాత్రి వేళ, రైలు పట్టాల పక్కన నువ్వొక్కదానివీ కూర్చుంటే నాకిక్కడ నిద్ర పడుతుందా? నీకు దండం పెడతాను, ఆ మాట మళ్ళీ ఎత్తకు."

కోప్పడితే ఎదురు చెప్పేదేమో. దండం పెడతానన్నాడు. ఇతి లేచింది. వెనక గదిలోకి పోయి ఏడ్చి ఏడ్చి, అపాకి ఫోన్ చేసింది.

గురువారం పొద్దున్నే అపా గుమ్మంలో దిగింది. ఆవిణ్ణి చూడగానే గదాధర్ చేతిలోని పటకారు జారింది. ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో ఈవిడే అతని తక్కెడకి సీలు వేసి, పండగ ముందు వ్యాపారం మూయించింది. ఆ దెబ్బ అతనింకా మరిచిపోలేదు.

"ఆజ్ఞా, అమ్మగారూ, నమస్కారం! తక్కెడకి ముద్ర వేయించాను! ఇదిగో, ఈ ఏడుదే!"

"నేను తక్కెడ కోసం రాలేదయ్యా" అంటూనే అపా దాన్ని తిరగేసి చూసి, తృప్తిగా కింద పెట్టింది. "పిల్లని పంపనన్నావట?"

"ఆడపిల్లండీ. అక్కడ తాగుబోతులూ, దొంగలూ..."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటారు."

"నువ్వు చూశావా?"

"లేదు గానీ..."

"పద, చూసొద్దాం."

"ఇప్పుడా? అమ్మవారి పని..."

"అమ్మవారు కూడా ఆడపిల్లే. ఈ పనికైతే ఒక పూట ఆగుతుంది."

గదాధర్ ఇంకేదో అనబోయేంతలో లోపల్నుంచి అతని భార్య ఇస్త్రీ చొక్కా తెచ్చి భుజం మీద వేసింది. ఆవిడ పొద్దుటి నుంచీ ఆ చొక్కా పట్టుకుని తలుపు వెనకే నిలబడి ఉందని తర్వాత తెలిసింది.

పారాదీప్ వైపు వెళ్ళే ప్యాసింజర్లో అపా, గదాధర్, ఇతి ముగ్గురూ ఎక్కారు. గదాధర్ దారి పొడుగునా కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. కేతకీపూర్ అనే చిన్న స్టేషన్లో దిగారు. అక్కడి స్టేషన్ మాస్టరు పేరు సస్మిత. ఆమె కూడా ఆ మహిళా కళాశాల పిల్లే, ఒకప్పుడు అపా వాటాకి వచ్చినదే.

"ఇక్కడికి నేనూ రావడం ఇదే మొదలు. మంచినీళ్ళు ఎక్కడుంటాయో ఏమో" అంది అపా అటూ ఇటూ చూస్తూ.

టీ కొట్టు ముసలమ్మ గట్టిగా కేకేసింది. "అపా! మళ్ళీ వచ్చారా? మొన్న మీరు పొద్దస్తమానం కూర్చున్న బల్ల ఖాళీగానే ఉంది, రండి!"

అపా ఆమె వైపు ఉరిమి చూసింది. "ఎవరో అనుకుంటోంది పాపం, కళ్ళు ఆనట్లేదు" అని గబగబా ముందుకి నడిచింది.

లోపల సస్మిత ఫోన్లో పక్క స్టేషన్‌తో మాట్లాడుతూ కళ్ళతోనే కూర్చోమంది. తర్వాత పచ్చజెండా తీసుకుని బయటికెళ్ళి నిలబడింది. ఇనుప ఖనిజం బండి, కనుచూపు మేర కొస కనపడనిది, ఆమె ముందు నుంచి భూమి దద్దరిల్లేలా పోయింది. ఇంజనులోంచి డ్రైవరు కూడా జెండా ఊపాడు. గదాధర్ నోరు తెరుచుకుని చూశాడు.

"అమ్మా, నువ్వు కాదంటే అంత బండీ ఆగిపోతుందా?"

"ఆగాల్సిందే మామా."

"మా ఇంట్లో నేను కాదంటే పిల్లి కూడా ఆగదు" అన్నాడు గదాధర్. అంతలోనే మొహం మళ్ళీ బిగుసుకుంది. "రాత్రుళ్ళు భయమెయ్యదూ? అబద్ధం చెప్పకమ్మా."

"వేసింది మామా. మొదటి వారం ఆకు కదిలినా ఉలిక్కిపడ్డాను. కానీ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ తోడుంటాడు, అటూ ఇటూ స్టేషన్లవాళ్ళు ఫోన్లో పలుకుతూనే ఉంటారు. ఇప్పుడు నాకున్న గొడవల్లా దోమలే."

గదాధర్ పాయింట్స్‌మన్‌తో మాట్లాడ్డానికి బయటికి వెళ్ళాడు. అదను చూసి ఇతి అడిగేసింది.

"అక్కా, అపా ఇంతకుముందు ఇక్కడికి వచ్చిందా?"

సస్మిత నవ్వింది. "పిచ్చిదానా, తను చూడకుండా మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్ళింది? ప్రతి చోటికీ ముందు తనొక్కతే వెళ్తుంది. మంచివాళ్ళో కాదో చూస్తుంది. ఫలానా రోజు పిల్లల్ని తెస్తాను, కసురుకోకండి, ఓ మూల కూర్చోనివ్వండి అని బతిమాలుతుంది. లాయరవుతాననే పిల్ల ఏటా ఒకతైనా ఉంటుందని కోర్టులో ముందే చెప్పి ఉంచుతుంది. బ్యాంకువాళ్ళయితే రెండుసార్లు కాదన్నారట, మూడోసారి వెళ్ళి ఒప్పించింది."

"మరి మాకెందుకు చెప్పదు?"

"నేనూ అదే అడిగాను. తలుపు ముందే తీయించి పెట్టానని తెలిస్తే, తట్టడం మీరెప్పుడు నేర్చుకుంటారే, అంది."

కోర్టులో అపా పక్కన కూర్చుని తానెంత సిగ్గుపడిందో ఇతికి గుర్తొచ్చింది. ఎవర్నీ లెక్కచెయ్యని ఆ పెద్ద మనిషి, తమ కోసం ఎన్ని గుమ్మాల ముందు చేతులు కట్టుకుని నిలబడిందో! వెళ్ళి అపాని గట్టిగా పట్టుకోవాలనిపించింది. వెళ్ళింది కూడా. అపా బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది.

"అపా, మీరు అన్నిచోట్లకీ ముందే వెళ్ళి..."

"ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అంది అపా. "చూడనిది మాట్లాడకు. టీ తాగు."

సస్మిత డ్యూటీ దిగాక అందరూ స్టేషన్ వెనకున్న ఆమె క్వార్టరుకి వెళ్ళారు. చిన్న గది, వంటిల్లు, పెరట్లో బొప్పాయి చెట్టు. గదాధర్ దేన్నీ చూడలేదు, తిన్నగా తలుపు దగ్గరికి పోయాడు. గొళ్ళెం వేశాడు, తీశాడు, ఒక్క కుదుపు కుదిపాడు. గొళ్ళెం చేతిలోకి ఊడి వచ్చింది.

అంతా అయిపోయిందనుకుంది ఇతి.

"మొన్న అంతసేపు చూశాను, ఈ గొళ్ళెం ఎలా చూడలేదు?" అని అపా నుదురు కొట్టుకుంది. అన్నాక గానీ ఏమందో ఆవిడకి తెలియలేదు.

గదాధర్ ఆమె వైపు తిరిగాడు. "మీరు... నా పిల్ల కోసం ముందే ఒకసారి ఇంత దూరం వచ్చారా, ఆజ్ఞా?"

అపా బొప్పాయి చెట్టు వైపు చూసింది.

గదాధర్ తలుపు దగ్గర చతికిలబడ్డాడు. "స్క్రూడ్రైవరుందా అమ్మా?" అని సస్మితనడిగి తెప్పించుకున్నాడు. ఇతి పక్కన కూర్చుని ఊడిన మరమేకులు ఒక్కొక్కటే అందించింది. స్టేషన్లో కటక్ బండి వచ్చి, కూత వేసి, వీళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

"ఆడపిల్ల ఉండే గదికి ఇదా గొళ్ళెం? వట్టి రేకు. ఆదివారం ఇత్తడిది చేసి తెస్తాను" అని గొణిగాడు గదాధర్. ఇంకో మరమేకు బిగించాడు. "నిన్ను ఎక్కడ వేసినా ముందు నేనొచ్చి తలుపు చూస్తాను. ఆ తర్వాతే నీ సామాను దించాలి, తెలిసిందా?"

ఇతి తల ఊపింది.

"సోమవారం బండి ఎన్నింటికి?" అన్నాడు తండ్రి, తల ఎత్తకుండానే.