ఐసులో పెట్టిన తూటాలు

1961 జూన్‌లో నన్ను గుంటూరు జిల్లా సాయుధ రిజర్వుకు హెడ్ కానిస్టేబుల్ ఆర్మరర్‌గా బదిలీ చేశారు. ఆర్మరర్ అంటే ఆయుధాలు బాగుచేసేవాడు. జిల్లాలోని ప్రతి స్టేషన్‌లో ఉన్న రైఫిళ్ళూ రివాల్వర్లూ ఏడాదికోసారి నా చేతుల మీదుగా పోవాలి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. చీరాల, ఒంగోలు కూడా మా కిందే ఉండేవి. పేల్చేవాళ్ళకు పేరొస్తుంది, తుడిచేవాడికి గోళ్ళలో నూనె మిగులుతుంది. ఆ సంగతి తెలిసే నేను ఈ పనిలో చేరాను, నాకు ఫిర్యాదేమీ లేదు.

చైనా యుద్ధం తర్వాత పౌరులకు తుపాకి నేర్పాలని జిల్లాలో ఒక రైఫిల్ క్లబ్బు పెట్టారు. మా రిజర్వు ఇన్‌స్పెక్టరు గారు, అంటే ఆర్.ఐ. గారు, దానికి కార్యదర్శి. ఆదివారం పూట క్లబ్బు పని చూసే బాధ్యత నా మీద పడింది. మొదటి నెలలో నలభై మంది వచ్చారు. మిర్చి కోతలు మొదలయ్యేసరికి ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో వసుంధర గారు ఒకరు. మహిళా కళాశాలలో ఫిజిక్స్ లెక్చరరు, వయసు నలభై రెండు. అటవీశాఖలో పనిచేసి పోయిన తండ్రి రివాల్వరు లైసెన్సుతో సహా ఆవిడ పేరుకు మారింది. చీర కొంగు నడుముకు బిగించి, ఒంటిచేత్తో ఆ రివాల్వరు ఎత్తి నిలబడితే, మా సిపాయిలు కబుర్లు ఆపి చూసేవారు.

ఆవిడకు రెండు ఇబ్బందులు ఉండేవి. పోటీకి తగిన తూటాలు విదేశాల నుంచి రావడం ఆగిపోయింది. రెండోది ఆవిడే ఒకరోజు చెప్పారు. నలభై దాటాక ముందుగురి, అంటే రివాల్వరు గొట్టం కొసన ఉండే చిన్న రేకు, మసకేయడం మొదలవుతుంది. "ఇంకొక్క ఏడాది కనిపిస్తుందేమో హెడ్డు గారూ. ఆ లోపల ఒక్కసారి జాతీయ పోటీలో ఫైనల్‌లో నిలబడాలి" అన్నారు. కాలేజీ వాళ్ళు కూడా సెలవు ఈ ఒక్కసారికే అని తేల్చి చెప్పారట.

తూటాల ఇబ్బందికి మా దగ్గర ఒక మార్గం ఉంది. పొగాకు కంపెనీలో పనిచేసి సీమకు వెళ్ళిపోయిన ఒక దొర తన సరంజామా క్లబ్బుకు ఇచ్చాడు. అందులో పేల్చేసిన ఇత్తడి గొట్టాలను మళ్ళీ నింపే చేతి యంత్రం ఒకటి, సీసపు గుండ్లు పోసే అచ్చు, రెండు డబ్బాల తుపాకి మందు ఉన్నాయి. పాత క్యాపు, అంటే అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత, తీసేసి, గొట్టాన్ని అచ్చులో నొక్కి సరిచేసి, కొత్త క్యాపు పెట్టి, మందు పోసి, పైన గుండు బిగించాలి. అన్నిటికంటే కష్టం ఏ మందు వాడాలో తేల్చడం.

మొదటి డబ్బాలోది రేకుల మందు. పెన్సిలు చెక్కినప్పుడు రాలే పొరల్లా ఉండేది. నిప్పు తగిలీ తగలగానే అంటుకుంటుంది, కొంచెం సరిపోతుంది. అంత కొంచెం కాబట్టే ప్రమాదం కూడా. పొరపాటున రెండుసార్లు పోసినా గొట్టం నిండదు, కంటికి తెలియదు. అలాంటి తూటా పేలితే రివాల్వరు చేతిలోనే చీలుతుంది. పైగా ఆ డబ్బాలో మిగిలింది అడుగున పావువంతే. రెండో డబ్బా నిండుగా ఉంది. నల్లటి గసగసాల్లాంటి గుండ్ల మందు. కొలతలోంచి జారుడుగా పడేది, మెత్తగా తన్నేది. దానికి నిప్పు అందుకోవడంలో కాస్త బద్ధకం.

ఏప్రిల్, మే నెలల్లో రెండూ పరీక్షించాం. నేను కంసాలి త్రాసులో ప్రతి మోతాదూ తూచేవాణ్ణి, ఆవిడ పేల్చేవారు, ఇద్దరం టార్గెట్ దగ్గరకు నడిచి వెళ్ళి రంధ్రాలు కొలిచేవాళ్ళం. ఆవిడ నల్ల అట్ట నోటుబుక్కులో మోతాదు, గాలి, ఎండ, శబ్దం అన్నీ రాసుకునేవారు. మిర్చి గోదాముల వైపు నుంచి గాలి తిరిగితే ఇద్దరం తుమ్మి, నవ్వి, గాలి మళ్ళేదాకా కూర్చునేవాళ్ళం. ఆర్.ఐ. గారు వచ్చి, "ఏమయ్యా, మీరిద్దరూ తూటాలు చేస్తున్నారా, ఊరగాయ పెడుతున్నారా?" అని ఆటపట్టించేవారు.

ఆ ఆదివారాల కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఇది చెప్పడానికి ఈ వయసులో సిగ్గుపడను. ఎవరూ వేరేగా అనుకోనక్కర్లేదు, నాకు అప్పటికే ఇల్లూ ఇల్లాలూ పిల్లలూ ఉన్నారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో "ఇది ఎందుకిలా చేశారు?" అని నా పని గురించి అడిగి తెలుసుకున్న మనిషి ఆవిడ ఒక్కరే. ఆ అడగడం మీద ఆశ నాకు ఇప్పటికీ చావలేదు.

ఆ ఎండల్లో గుండ్ల మందు అద్భుతంగా పనిచేసింది. యాభై గజాల దూరంలో పది తూటాలు టీ సాసరంత చోట పడ్డాయి. సాధనకూ పోటీకీ ఒకే మందు ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. రేకుల మందు సాధనకు చాలదు. అందుకని గుండ్ల మందే ఖాయం చేశాను. నవంబరులో రాష్ట్ర ఎంపికలో ఆవిడ నెగ్గారు. జాతీయ పోటీ జనవరిలో, ఉత్తరాదిన.

డిసెంబరులో తూటాలు నింపుతుంటే ఆవిడ వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

"హెడ్డు గారూ, మనం చూసిందంతా ఎండల్లోనే కదా. అక్కడ జనవరిలో పొద్దున్నే చలి బాగా ఉంటుందట. మందు తేడా చేస్తుందేమో?"

"ఇత్తడి గొట్టంలో మూసిపెట్టిన మందుకు చలేమిటండీ? జనవరి మనకూ వస్తుంది కదా, మేడమ్ గారూ!" అన్నాను. ఆర్.ఐ. గారు పక్కనే ఉండి గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నోటుబుక్కు తెరిచి ఏదో రాయబోయి మూసేశారు. పనిలో నా మాటంటే ఆవిడకు అంత నమ్మకం.

నేను పుట్టింది పొన్నూరు దగ్గర. మా జనవరి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, ఎనిమిదయ్యేసరికి చొక్కా తడవడం. అంతకు మించిన చలి ఉంటుందని చదివాను గాని, ఒంటికి ఎన్నడూ తగల్లేదు. ఆవిడ అడిగింది ఫిజిక్స్. నేను జవాబిచ్చింది మా ఊరి వాతావరణం.

ఫిబ్రవరి మొదట్లో ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. ఆయుధాగారం గుమ్మంలో నిలబడే చదివాను. ఆవిడ వంతు పొద్దున మొదటి జట్టులో పడిందట, పొగమంచు ఇంకా తొలగలేదట. మొదటి పది తూటాల్లో నాలుగు బాగా పైకి పోయాయి. మందు మందకొడిగా కాలితే గుండు కిందికి పోతుందని చాలామంది అనుకుంటారు. రివాల్వరులో అంత దూరానికి అందుకు తలకిందులు. గుండు తుపాకి గొట్టం దాటేలోపు వెనక్కి తన్నే తన్నుకు మూతి పైకి లేస్తుంది, నిదానంగా పోయే గుండు ఇంకా పైన తగులుతుంది. పైగా ఇత్తడి గొట్టంలో సగం కూడా నిండని మందు అడ్డంగా పరుచుకుంటుంది. క్యాపు నిప్పు దాని మీదుగా పోతుంది. మా ఎండలో ఆ లోపం బయటపడలేదు, ఆ చలిలో పడింది.

ఆవిడ అయిదో తూటాకే శబ్దం తగ్గడం గమనించారు. మిగిలిన తూటాల పెట్టెను శాలువా లోపల ఒంటికి ఆనించుకున్నారు. మందు క్యాపు వైపు జారేలా ప్రతిసారీ రివాల్వరు మూతి ఒకసారి పైకెత్తి, మెల్లగా దించి పేల్చారు. తర్వాతివన్నీ గుంటూరులో పడ్డట్టే పడ్డాయి. ఫైనల్ రెండు పాయింట్ల తేడాతో తప్పిపోయింది.

ఉత్తరంలో నింద లేదు. చివర్న ఒక్క వాక్యం రాశారు: "తూటాలకు కూడా చలేసింది హెడ్డు గారూ."

మార్చిలో ఆయుధాల తనిఖీకి చీరాల వెళ్ళాను. వాడరేవులో చేపల బుట్టల పక్కన ఊక కప్పిన ఐసు దిమ్మలు లారీలోంచి దింపుతున్నారు. ఏడాదేడాదీ అదే లారీని చూశాను, అదే ఊక మీదుగా నడిచాను. ఆ రోజు మాత్రం ఆగి, ఒక దిమ్మ మీద చెయ్యి పెట్టి చూశాను. ఆర్.ఐ. గారి అనుమతి తీసుకుని, రెండు రకాల తూటాలూ డబ్బాల్లో బిగించి తెప్పించుకున్నాను. ఒక పూటంతా ఐసులో పాతిపెట్టి, ఇసుక దిబ్బకు టార్గెట్ ఆనించి, క్లబ్బు రివాల్వరుతో పేల్చాను. దిమ్మ అమ్మిన బెస్తాయన పక్కనే నిలబడి, "తుపాకిగుళ్ళు కూడా చెడిపోతాయా అయ్యగారూ?" అని అడిగాడు. గుండ్ల మందు ఆవిడ ఉత్తరంలో రాసినట్టే చెదిరింది. రేకుల మందు ఐసులోంచి తీసినవీ ఎండలో పెట్టినవీ ఒకే చోట తగిలాయి.

గుంటూరు వచ్చి, మిగిలిన రేకుల మందంతా ఒక్కో మోతాదూ రెండుసార్లు తూచి, దీపం పెట్టి ప్రతి గొట్టంలోకీ చూసి, అరవై రెండు తూటాలు నింపాను. సాధనకు గుండ్ల మందు, పోటీకి ఇవి, మధ్యలో గురి సర్దుకోవడానికి పది అని లెక్క వేసుకున్నాను. నియమం నేనే పెట్టుకున్నది, నేనే మార్చుకున్నాను.

ఆవిడ జూన్‌లో ఒక ఆదివారం వచ్చారు. ఐసు సంగతి చెప్పి, నాదే తప్పని ఒప్పుకుని, పెట్టె చేతికిచ్చాను. చాలాసేపు ఐసు గురించే అడిగారు. ఎంతసేపు ఉంచారు, తీశాక ఎంతసేపటికి పేల్చారు, తేమ చేరిందా అని. నోటుబుక్కులో రాసుకున్నారు. తర్వాత అయిదు తూటాలు పేల్చారు. అయిదూ ఒకే శబ్దం, నా చెవికి ఏ లోటూ వినిపించలేదు. టార్గెట్ దగ్గరకు ఇద్దరం నడిచాం. రంధ్రాలు కాగితమంతా పరుచుకుని ఉన్నాయి.

"ఈసారి మందు తప్పేం లేదండీ" అన్నారు ఆవిడ. "ముందుగురి కనిపించడం లేదు. నాలుగు నెలలుగా అంతే."

ఆ పెట్టె నాకే తిరిగి ఇచ్చి, బాగా పేల్చే అమ్మాయి ఎవరైనా వస్తే ఇమ్మన్నారు. ఆ ఏడాదే విశాఖపట్నం కాలేజీకి వెళ్ళిపోయారు. నేను గుంటూరులో ఉన్నంతకాలం అలాంటి అమ్మాయి రాలేదు. నా బదిలీ నాడు యాభై ఏడు తూటాలూ రిజిస్టరులో రాసి అప్పగించాను. చీరాల మీదుగా పోయే బస్సులో ఐసు లారీ ఎదురైనప్పుడల్లా ఆ ఆదివారాలు మళ్ళీ కావాలనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. తూటాను ఎక్కడ పేలుస్తారో ఆ వాతావరణంలో పరీక్షించండి. అక్కడికి పోలేకపోతే ఆ వాతావరణాన్ని మీ దగ్గరకు తెచ్చుకోండి. వాడరేవులో ఆ ఐసు అంతకుముందు ఏడాది కూడా దొరికేది.