జోజప్ప గుడిలో తొలి పన

నూకవలసలో ఇప్పుడు పొలం లేదు. కల్లాల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి, గట్ల మీద సిమెంటు రోడ్లు పడ్డాయి. పెందుర్తి నుంచి వచ్చే క్యాబు డ్రైవర్లకు అది గ్రీన్ ఫీల్డ్స్ కాలనీ. అక్కడ పచ్చగా ఉండేది బోర్డు మీది రంగొక్కటే. పాత ఊరంటూ మిగిలింది జోజప్ప గుడి, ఆ గుడిని కనిపెట్టుకునుండే గురువమ్మ.

ఆ కథోలిక గుడి తాటాకు పాకగా మొదలైంది. ఊళ్ళో ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో దాచారు. ఆ బియ్యమే గోడలైంది, పెంకులైంది. గురువమ్మ అత్తగారు పస్తున్న రోజున కూడా ఆ కుండలో చెయ్యి పెట్టలేదు. కొత్త ఆర్చి మీద మాత్రం పాలరాతిలో ఒక్కటే పేరు: దేవీప్రసాద్. ఈయన గుడి కమిటీ పెద్ద. ఊరి పొలాలన్నీ బేరం పెట్టి ప్లాట్లు చేయించిన ఘనుడు. చేసిందంతా చేసి ముందు వరుసలో మోకరించి కళ్ళు మూసుకుంటాడు. ఆ భక్తి చూస్తే గురువమ్మకు ఒళ్ళు మండుతుంది.

కోతల పండుగనాడు పీఠం దగ్గర తొలి పనలోంచి, అంటే మొదట కోసిన వరికట్టలోంచి, ఒక వెన్ను తుంచి, అరచేతుల్లో నలిపి, ఆ గింజలు ఫాదరుగారి చేతిలో పొయ్యాలి. అత్తగారు పోతూ పోతూ గురువమ్మకు అప్పగించిన పని అది. ఇంకే పదవీ ఆమెకు లేదు, అక్కర్లేదు కూడా. పొలాలు పోయాక కూతురి ఊరు నుంచి బస్సులో తానే పన తెచ్చేది. ఈసారి దేవీప్రసాద్ అడ్డం పడ్డాడు.

"ఆ మట్టి కొట్టుకున్న పనేటి పిన్నీ, వీడియోలో బాగోదు. నాను డెకరేషనోళ్ళకి సెప్పేసినాను."

"గింజలు రాల్తాయా?"

"బెమ్మాండంగా ఉంటాది, నువ్వూరుకో."

పండుగనాడు బంగారు రంగు పన వచ్చింది. జనం ఫోన్లు పైకెత్తారు. గురువమ్మ వెన్ను తుంచబోతే తెగలేదు, లోపల ఇనప తీగ. గట్టిగా నలిపింది. ప్లాస్టిక్ పొట్టు రాలింది, చేతుల నిండా రంగంటింది. ఎదురుగా ఫాదరుగారు చెయ్యి చాచి నిలబడ్డారు. అందులో పొయ్యడానికి ఆమె దగ్గర ఒక్క గింజ లేదు. అత్తగారే చూస్తున్నట్టు సిగ్గుతో తల వాలిపోయింది.

అది కాసేపే. తర్వాత పనను చంకన పెట్టుకుని ముందు వరుసకి నడిచి దేవీప్రసాద్ ఒళ్ళో పడేసింది.

"ఇది నీ పంట బాబూ. దేవుడికెందుకు, ఇంటికి పట్టుకెల్లి ఒండుకు తిను."

అతని తెల్లచొక్కాకు రంగంటుకుంది. గురువమ్మ చేతులు చెంగుకి తుడుచుకుంటూ పీఠం దగ్గరికి తిరిగొచ్చింది. ఫాదరుగారు చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"సెయ్యి దించీండి ఫాదరుగారూ," అంది. "ఈ ఊల్లో గింజ నేదు."