నడుస్తది సరే, ఆగుతదా?

నిన్న క్లాసులో హాజరు తీసుకుంటుంటే ముందు బెంచీలో కూర్చున్న పిల్ల చున్నీతో ముక్కు మూసుకుంది. "మేడమ్, ఏదో వాసనొస్తాంది," అంది. వాసన నా హ్యాండ్ బ్యాగులో నుంచే. గుడ్డలో చుట్టి పెట్టుకున్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులై, టిఫిన్ బాక్సు కింద మడుగు కట్టింది. చేపల బుట్టకూ మందుల దుకాణానికీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. చేతికి అంటితే సబ్బుకు ఒక పట్టాన లొంగదు. బాటనీ చెప్పే మనిషి బ్యాగులో బ్రేక్ ఆయిల్ ఎందుకుందని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ గంట పాఠం అటకెక్కేది. ఎందుకంటే ఆ వాసన తగలగానే నాకు సుగుణ మేడమ్ గుర్తొస్తుంది, ఆమె గుర్తొస్తే కోపమొస్తుంది, కోపమొస్తే నేను ఆగను.

సుగుణ మేడమ్ డిగ్రీలో నా బాటనీ లెక్చరర్. తర్వాత కాజీపేటలో మాకు పక్కింటి మనిషి. ఆమె పోయిన పదకొండో రోజున ఇంటి గోడకు ఫ్లెక్సీ కట్టారు. "ఓపికకు మారుపేరు, చిరునవ్వుల సుగుణమ్మ" అని. ఎవరి గురించి రాశారో అర్థం కాక రెండుసార్లు చదివాను. ఆమెకు ఓపిక లేదు. నవ్వు ఉండేది గానీ అది ఎదుటివాడి నోరు మూతపడ్డాక వచ్చే నవ్వు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లను మళ్లీ ఇంటికి రానివ్వలేదు. బతికినన్నాళ్లూ ఆమె కోపాన్ని చూసి జడిసినవాళ్లే చచ్చాక దానికి సున్నం కొట్టి, పైన చిరునవ్వు బొమ్మ వేశారు. ఆడమనిషి చనిపోతే ముందు ఆమె కోపాన్ని కదా పాతిపెడతారు!

మేము చదువుకునే రోజుల్లో ఆమె ఏదో సర్కారు శాఖ వేలం వేసిన పాత ఫోర్ వీల్ జీపు కొన్నది. పాకాల అడవిలో మొక్కలు చూపించడానికి మమ్మల్ని బస్సులో తీసుకుపోయి, వాగు ఒడ్డున దించి, వాగు దాటలేక అక్కడినుంచి వెనక్కి తిప్పుకొచ్చి విసిగిపోయింది. కాలేజీ అటెండర్ వెంకటయ్య, "ఆడమనిషికి జీపెందుకు మేడమ్, స్కూటీ సాలదా?" అన్నాడు. "స్కూటీ మీద నీ పెండ్లాన్ని ఎక్కించుకొని పాకాల వాగు దాటి సూపియ్యి. నేను గూడ అదే కొంట," అంది. ఆ జీపులో పెద్ద గేరు పక్కన ఇంకో పొట్టి గేరుండేది. బురద రాగానే ఆమె దాన్ని ఒక్క గుంజు గుంజితే ముందు చక్రాలు కూడా పని అందుకునేవి. జీపు ఎద్దులా తల వంచుకుని వాగులోకి దిగేది. మేము వెనక అరుపులు, కేకలు. అప్పటిదాకా మా వయసు ఆడపిల్లలను ఏ బండీ అలా అడవిలోకి తీసుకుపోలేదు.

ఒకసారి తిరుగు దారిలో, దిగుడు రోడ్డు మీద ఎద్దులబండి అడ్డం వచ్చింది. మేడమ్ బ్రేకు తొక్కింది. జీపు ఆగాల్సింది పోయి, ఎవరో చెవి పట్టి లాగినట్టు ఎడమకు తిరిగి పత్తి చేనులో పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. నా ఎడమ మణికట్టు విరిగింది. ముసురు పట్టిన రోజున ఇప్పటికీ సలుపుతుంది. అందరినీ దించి లెక్కపెట్టుకుని, నా చేతికి నా చున్నీయే కట్టి, ఆ తర్వాత ఆమె జీపు కిందికి దూరింది. బయటికి వచ్చి మమ్మల్నీ వంగి చూడమంది.

కుడివైపు ముందు చక్రానికి పోయే బ్రేకు పైపును, బీడీ కొస మడిచినట్టు మడిచి, పట్కారుతో నొక్కేశారు. ఆ చక్రానికి ఆయిల్ పోదు. ఆయిల్ పోకపోతే బ్రేకు పడదు. ఎడమ చక్రం ఒక్కటే పట్టుకుంటే బండి ఎడమకు గుంజక ఏం చేస్తుంది?

చేతికి పట్టీతో నేనూ, వెంకటయ్యా వెంట ఉండగా ఆమె మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అతను ఆమె వంక చూడనైనా చూడలేదు. వెంకటయ్యతో మొదలుపెట్టాడు. "అన్నా, మేడమ్‌కు జర చెప్పు. పైపు లీకయితాంది, కొత్తది దొరకలే. మడిచి నొక్కిన. కడమ మూడింటికి బ్రేకున్నది గద. నడుస్తది."

"నడుస్తది సరే," అంది మేడమ్. "ఆగుతదా?"

అతను మళ్లీ వెంకటయ్య వైపే తిరిగాడు.

"అటెటు సూస్తానవ్? నాతోని మాట్లాడు. బండి నాది. చెయ్యిరిగిన పిల్ల నాది."

"ఇండ్ల ఏమున్నది మేడమ్," అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ. "అందరం గట్లనే జేస్తం."

నాకు ఒళ్లు మండింది ఆ "అందరం" దగ్గరే. అతను దొంగ కాదు, తాగుబోతు కాదు. తాను తప్పు చేశానని అతనికి తోచనే లేదు. మా దగ్గర "నడుస్తది" అన్న ఒక్క మాటకు ఎంత బలముందో ఆ రోజు తెలిసింది. బండి కదిలినా నడుస్తది, ఎట్లాగో గడిచిపోయినా నడుస్తది. కదలడానికీ గడిచిపోవడానికీ ఒకే మాట పెట్టుకున్న మనుషులం, ఆపడం గురించి ఎందుకు ఆలోచిస్తాం?

ఆ తర్వాత ఆ జీపు ఏ మెకానిక్ గడపా తొక్కలేదు. మేడమ్ తన వాకిట్లోనే జాకీ పెట్టి, చక్రాలు విప్పి, పాత చీర పరుచుకుని దాని కిందికి పోయేది. మొదట్లో తప్పులు బాగానే చేసింది. ఒకసారి బిగించిన చక్రం గిరగిరా తిరగకుండా మొరాయిస్తే పానా విసిరికొట్టింది, అది పోయి తులసి కోట అంచు పగలగొట్టింది. బ్రేకుల పని మాత్రం ఒక్కరి వల్ల కాదు. పైపులో గాలి చేరితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయాలంటే ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర చిన్న మర విప్పాలి. తొక్కే పని నాది. పెళ్లై, ఉద్యోగం వచ్చి, ఆమె పక్కింట్లోకే అద్దెకు వచ్చాక కూడా నాదే.

"తొక్కు," అనేది కింద నుంచి. తొక్కేదాన్ని. "పట్టు." అదిమి పట్టేదాన్ని. మర విప్పితే బుడగలతో ఆయిల్ బుస్సుమనేది. ఆమె మర బిగించాకే "ఇడువు" అనేది. అప్పుడే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, పనంతా మొదటికి వస్తుంది. కాజీపేటలో రైళ్లకు వేళాపాళా ఉండదు. రైలు కూతలో ఆమె మాట వినపడక నేను కాలు తీసేదాన్ని. "నీ కాలా, అరటిబోదెనా?" అని కింద నుంచి తిట్లు. "మీరేమన్నా దొర బిడ్డనా, ఒక్కసారి గట్టిగ చెప్పరాదా?" అని పై నుంచి నేను. దారిన పోయేవాళ్లు గోడ దగ్గర ఆగిపోయేవారు. ఒకాయన జాలిగా, "అమ్మా, ఇంట్ల మొగోళ్లెవ్వరు లేరా?" అన్నాడు. "శానమంది ఉన్నరు," అంది మేడమ్ తల బయటపెట్టకుండానే. "అందరు గోడకాడ నిలవడి సూస్తాండ్రు."

నా నోరు అక్కడ తయారైందే. నేను చేరిన కాలేజీలో ల్యాబు గ్యాసు గొట్టం పగిలితే టేపు చుట్టి, "నడుస్తది మేడమ్, ఎగ్జామ్స్ దాకా" అన్నారు. ల్యాబుకు తాళం వేసి కూర్చున్నాను. పిల్లల పరీక్షలు పాడుచేస్తున్నానని స్టాఫ్ రూములో నా మీద పంచాయతీ పెట్టారు. అంటుకుంటే ఆపేదెవరో పేరు చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేదు, కొత్త గొట్టం మాత్రం వచ్చింది. అప్పటినుంచి వెనక నన్ను "ఆగుతదా మేడమ్" అంటారట. అననీ.

ఇంతవరకూ చెప్పిన కోపం ఊళ్లో వాళ్ల మీద. అసలు కోపం సుగుణ మేడమ్ మీద.

ఈసారి దసరాకు ముందు ఆమె మళ్లీ అదే కుడివైపు ముందు చక్రం విప్పింది. లోపలి రబ్బర్లు పోయాయి, పైపు తుప్పు పట్టింది. పాత రబ్బర్లు తీసేసి, కొత్త రబ్బర్లు, కొత్త పైపు తెప్పించి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. ఆదివారం ఇద్దరం కూర్చుందామనుకున్నాం. బుధవారం సాయంత్రం కూర ఇద్దామని వెళ్తే గడప మీద కూలబడి ఉంది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది, కుడి చెయ్యి ఎడమ భుజం మీద ఉంది.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదే స్వరూపా. జర ఆయాసం. నడుస్తది తీ."

ఆ మాట ఆమె నోట అంతకు ముందెప్పుడూ వినలేదు. గిన్నె కింద పెట్టి అరిచాను. "ఏ మాటన్నరు? మళ్ల అనున్రి!" ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఆటో పిలుచుకొచ్చాను. ఆటో అతన్ని తిట్టి పంపేసింది. "బ్రేకులు కానియ్యి. ఆదివారం అయినంక పోదాం దవాఖానకు. నువ్వు డాక్టర్‌వా? పో, పిల్లలకు అన్నం పెట్టుపో," అని నన్నూ తరిమింది. గురువారం మళ్లీ వెళ్లి పోట్లాడాను. తలుపు వేసుకుంది. శుక్రవారం మధ్యాహ్నం, కంచంలో అన్నం కలుపుకుని, తినకుండానే పోయింది.

ఇనుప పైపు మడిచినందుకు ఊరిని ఏకిపారేసిన మనిషి, తన గుండెను మడిచి నొక్కుకుంది. దీన్ని నేను క్షమించలేదు. దండ వేసిన ఫొటో ముందు నిలబడి కూడా దండం పెట్టలేదు, తిట్టాను. పక్కనున్నవాళ్లు నాకు దుఃఖం ఎక్కువైందనుకున్నారు.

మొన్న ఆదివారం పొద్దున జీపు ఇంజిన్ చప్పుడు వినపడి పరుగెత్తాను. వాకిట్లో ఆమె తమ్ముడు రాజేందర్, తెల్లచొక్కాలో. కేసముద్రం వైపు నుంచి ఒకతను సాయంత్రం వచ్చి జీపు కొనుక్కుని పోతాడట. మిరపకాయలు ఏరే ఆడవాళ్లను చేన్లకు తోలడానికి. ఆ బండ్లలో ఎందరిని కుక్కుతారో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. నేను వంగి చక్రం వెనక చూశాను. అదే చక్రం. పైపు బీడీ కొసలా మడిచి ఉంది.

"ఎవడు జేసిండు ఇది?"

"మెకానిక్‌ను పిలిపిచ్చిన అక్కా. ఇంజిన్ మంచిగున్నది, నడుస్తది."

"ఆగుతదా?"

"కడమ మూడున్నయ్ గద! అయినా మీకెందుకక్కా ఇదంత? బండి మాది."

"నీది గాదు. రేపటి సంది దాంట్ల కూసునేటోళ్లది," అని ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జాకెట్టులో పెట్టుకున్నాను. "ఇప్పుడడుగు, ఇస్త."

రాజేందర్ అడగలేదు. గేటు వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. "ఏం జెయ్యాలె మరి?" అన్నాడు చివరికి. స్టీలు డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు. మడిచిన పైపు విప్పి పారేశాను, కొత్త పైపు, కొత్త రబ్బర్లు వేశాను. ఆమె చీరే పరుచుకుని కిందికి పోయాను, అతన్ని పైన కూర్చోబెట్టాను.

"తొక్కు. పట్టు." రైలొచ్చింది. నేను "ఇడువు" అనకముందే అతను కాలు తీసేశాడు.

"నీ కాలా, అరటిబోదెనా?"

రైలు పోయింది. "అక్క గిట్లనే తిట్టేది," అన్నాడు రాజేందర్, ముక్కు ఎగబీలుస్తూ. నాకు ఓదార్చడం రాదు. "తొక్కు," అన్నాను.

పెడల్ రాయిలా గట్టిపడేదాకా వదల్లేదు. నేనే తోలి గేటు ముందు బ్రేకు వేశాను. జీపు ఎటూ గుంజకుండా, నిలబడమంటే నిలబడింది. సాయంత్రం వచ్చినతను చుట్టూ తిరిగి చూసి, "నడుస్తదా అన్నా?" అనడిగాడు.

రాజేందర్ నా వైపు చూడకుండా చెప్పాడు. "నడుస్తది. ఆగుతది గూడ."

జీపు వెళ్లిపోయింది. మిగిలిన ఆయిల్ డబ్బాను ఎందుకు బ్యాగులో వేసుకున్నానో తెలియదు. నిన్న కాలేజీ నుంచి బస్సులో వస్తుంటే డ్రైవరు దేన్నో తప్పించబోయి గట్టిగా బ్రేకు వేశాడు. చూసుకుంటే నా కుడికాలు ముందు సీటు కింద నేలను బలంగా తొక్కి పట్టుకుని ఉంది. బస్సు మళ్లీ కదిలింది. పక్కనున్నామె నా కాలు వైపు వింతగా చూస్తోంది. మేడమ్ తొక్కడం నేర్పింది, పట్టడం నేర్పింది. మూడో మాట చెప్పాల్సిన మనిషి చెప్పకుండానే పోయింది. మా స్టాపు వచ్చేదాకా ఆ కాలు అలాగే ఉంది.