కోల్డ్ స్టోరేజీలో మూడు టైర్లు

2023 చలికాలం. సులైబియాలో గోడౌన్ల వరుస చివర ఉన్న టైర్ల షాపులో నేను ఫోర్‌మన్‌ని. మాది రాయచోటి. కువైట్ వచ్చి అప్పటికి పంతొమ్మిదేళ్లు, అన్నీ టైర్ల మధ్యే గడిచాయి. ఎండకు పగిలిన టైరు, మేకు దిగిన టైరు, ఇసుకలో రిమ్ము నుంచి ఊడొచ్చిన టైరు, ఏది వచ్చినా చేత్తో తడిమి దాని కథ చెప్పగలనని నాకు కాస్త పొగరుండేది. ఆ పొగరు దిగింది వింటర్ టైర్ల దగ్గర.

నవంబరు చివర్లో అబూ ఖాలిద్ వచ్చాడు. రుమైథియాలో ఉండే రిటైర్డ్ టీచరు, మా పాత కస్టమరు. ఆయన ఎస్‌యూవీ డిక్కీ నిండా నాలుగు కొత్త టైర్లు. సౌదీ ఉత్తరాన తబూక్ వైపు కొండల మీద కొన్ని చలికాలాల్లో మంచు పడుతుంది. పడిందని తెలియగానే కువైట్ నుంచి కూడా జనం బండ్లు వేసుకుని బయల్దేరతారు. అబూ ఖాలిద్ తల్లికి ఎనభై దాటాయి. ఒక్కసారి మంచు చూడాలని ఆమె కోరిక. ఆమెనూ ఇద్దరు మనవలనూ తీసుకెళ్లాలని ఆయన ఐరోపాలో ఉన్న మేనల్లుడి చేత వింటర్ టైర్లు తెప్పించాడు.

"ఇవి బిగించు మస్తాన్. మంచులో ఇవే ఆగుతాయట," అన్నాడు అరబీలో. "గాలి ఎంత ఉంచాలి?"

నేను తడుముకోలేదు. "బర్‌లో తీసినట్టే తీసెయ్యండి. మంచు కూడా మెత్తటిదే కదా."

బర్ అంటే ఇక్కడి ఎడారి. చలికాలం వస్తే కువైటీలు అక్కడ గుడారాలు వేసుకుంటారు. ఇసుకలోకి దిగేముందు టైరులో గాలి ముప్పై అయిదు పీఎస్ఐ నుంచి పదిహేనుకు తీస్తారు. పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడికి కొలత. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. ఈ సలహా నేను కొన్ని వేలమందికి ఇచ్చి ఉంటాను.

అబూ ఖాలిద్ తలూపి, "డ్రైవరుకు నేను చెప్తాను," అని ఫోను మాట్లాడుకుంటూ అవతలికి వెళ్లాడు. డ్రైవరు యెల్లయ్య బయట బండి పక్కన నిలబడి ఉన్నాడు. మా దగ్గర అదే పద్ధతి. టైర్ల సంగతి ఓనరు మాట్లాడతాడు, డ్రైవరు ఎండలో నిలబడతాడు.

ఆయన అటు వెళ్లగానే యెల్లయ్య లోపలికొచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటాయి.

"మస్తాన్ భాయ్, నాకు బుగులైతుంది. ఇసుకల నడిపిన, వానల నడిపిన. మంచు ఫోన్ల జూసుడే గాని కండ్లతోటి సూడలే. ముసలమ్మను, పిల్లగాండ్లను నా చేతుల వెడుతుండ్రు. నిజం జెప్పు, గీ టైర్లేస్తే బండి జారదా?"

నేను ధైర్యం చెప్పబోయి ఆగాను. నిజమేమిటో నాకే తెలియదు. మంచు నేనూ చూడలేదు.

"రెండు దినాలు టైమియ్యప్పా. కనుక్కోని చెప్తా," అన్నాను. అబూ ఖాలిద్‌తో బాలెన్సింగ్ మిషన్ ఖాళీగా లేదని చెప్పి టైర్లు మాత్రం దించుకున్నాను. అది అబద్ధమే.

ఆ సాయంత్రం టైర్లకు చుట్టిన ప్లాస్టిక్ సంచిలో ఒక చిన్న కరపత్రం దొరికింది. అప్పటిదాకా ఎవరూ విప్పలేదు. అందులో ఉన్నదాని సారాంశం ఇది. మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండి రోడ్డును పట్టుకుంటుంది. అయితే ఏడు డిగ్రీలకు పైన, పొడి రోడ్డు మీద ఆ మెత్తదనమే ఇబ్బంది. త్వరగా అరుగుతుంది, బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది. మరి మనవాళ్లు పోయేది వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడి రోడ్డు. మధ్యాహ్నం ఎండ, తెల్లవారితే పొగమంచు, ఎక్కడో వాన, చివర కాసింత దూరం మంచు.

ఇంకో వాక్యం దగ్గర ఆగి, దాన్ని రెండోసారి చదివాను. మంచు రోడ్డు మీద గాలి తగ్గించవద్దు, బండి తలుపు దగ్గర రాసిన అంకె కంటే కిందికి పోనివ్వవద్దు అని ఉంది. నేను ఇచ్చిన సలహాకు సరిగ్గా ఎదురు.

చదివితే నాకు తృప్తి ఉండదు, చేత్తో చూడాలి. మా పక్కనే చేపల కోల్డ్ స్టోరేజీ. దాని సూపర్‌వైజరు హైదరాబాదు మనిషి, చాయ్ దోస్తు. మూడు టైర్లు రిమ్ములకెక్కించి, మూడింట్లోనూ ముప్పై అయిదు గాలి పెట్టి, చేపల పెట్టెల పక్కన మైనస్ పద్దెనిమిదిలో ఉంచాను. ఒకటి మామూలు టైరు, ఒకటి వింటర్, మూడోది ఆల్ టెరైన్, అంటే రోడ్డుకూ ఇసుకకూ పనికొచ్చేది. మా గోడౌన్‌లో ఉన్న ఈ ఆల్ టెరైన్‌లలో ఒక రకానికి పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉంటుంది. మంచు పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారని కరపత్రం చెప్పింది. ఇన్నేళ్లూ నేను దాన్ని డిజైను అనుకున్నాను.

మర్నాడు పొద్దున యెల్లయ్యను పిలిచి లోపలికి తీసుకెళ్లాను. "గోటితో నొక్కి చూడు," అన్నాను. మామూలు టైరు ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది, గోరు దిగలేదు. వింటర్ టైరులో హాయిగా దిగింది. ఆల్ టెరైన్‌లో కొంచెం దిగింది. తర్వాత ప్రెషర్ గేజ్ చేతికిచ్చాను. యెల్లయ్య మూడూ చూశాడు. ఇరవై ఎనిమిది.

"గాలెవలు దీసిండ్రు భాయ్?"

"ఎవురూ తీయలా. చలికి గాలి ముడుచుకుంటాది. మనం మధ్యాన్నం నింపిన గాలి కొండ మీద పొద్దునకి దానంతటదే తగ్గుతాది. దాంట్లో నా మాటిని ఇంకా తీసుంటే, చక్రం సగం చచ్చినట్టే. ఇసకలో టైరు తేలాల. మంచు రోడ్డు మీద తేలకూడదు, మంచును కోసుకోని కింద రోడ్డును పట్టుకోవాల. తప్పు చెప్పినాను యెల్లయ్యా."

అతను గేజ్ తిరిగివ్వలేదు. "గిది నా కాడ ఉండనియ్యి," అన్నాడు.

అబూ ఖాలిద్‌కు ఫోన్ చేసి, గాలి తీయమన్న నా సలహా తప్పని ఒప్పుకున్నాను. ఆయన వచ్చి కోపంగానే చలిగదిలోకి నడిచాడు. టీచరు కదా, మూడు టైర్లూ రెండేసి సార్లు నొక్కాడు. బయటికొచ్చి, "దారంతా నా తల్లి కూర్చుంటుంది. మంచు ఒక్క పూటే. దారికి ఏది మంచిదో అది వెయ్యి," అన్నాడు. మంచు గుర్తున్న ఆల్ టెరైన్ బిగించాను. మంచు గట్టిగా ఉంటే పైకి ఎక్కించవద్దని కూడా చెప్పాను. గాలి విషయం మాత్రం ఆయన సగమే నమ్మాడని నాకు అనుమానం.

జనవరిలో మంచు పడింది, వాళ్లు వెళ్లారు. ఆ నాలుగు రోజులూ పూటకోసారి యెల్లయ్యకు ఫోన్ చేసి చూశాను.

తిరిగొచ్చాక యెల్లయ్య చెప్పాడు. కొండ మొదట్లో బండ్లన్నీ ఆపి అందరూ అలవాటు ప్రకారం గాలి తీస్తున్నారట. అబూ ఖాలిద్ అటు చూసి, "నువ్వూ తియ్యి, యల్లా, కానివ్వు," అన్నాడట.

"పదకొండేండ్లల్ల ఆయనకెన్నడు ఎదురు జెప్పలే భాయ్. గప్పుడు 'లా బాబా', వద్దు సాబ్ అన్న. తీసుడైతే నేను నడప, మీరే నడుపుకోండ్రి అన్న. గేజ్ వెట్టి సూపెట్టిన. ముప్పైకొచ్చింది. సలే తీసింది బాబా, మనం తీసేదేం లేదన్న."

అబూ ఖాలిద్ గేజ్ వంక, వెనక సీట్లో తల్లి వంక చూసి, సరే నింపు అన్నాడట. చలికి తగ్గిన గాలి మళ్లీ నింపుకుని నెమ్మదిగా ఎక్కారు. ముసలావిడ కారు దిగి మంచు పిడికిట్లోకి తీసుకుని, కరిగేదాకా పట్టుకుందట. దిగేటప్పుడు మలుపు దగ్గర ముందు బండి, గాలి తీసినదే, అడ్డంగా జారి రాళ్లకు తగిలి ఆగింది. మనుషులకేం కాలేదు. వెనక యెల్లయ్య బ్రేకు మీద మెల్లగా కాలు వేశాడు. బండి ఆగింది.

ఈ అనుభవం నుంచి టైర్ల గురించి నేర్చుకున్నది పైన చెప్పాను. నా గురించి నేర్చుకున్నది వేరు. పంతొమ్మిదేళ్లు నేను స్టీరింగు పట్టనివాళ్లతో మాట్లాడాను, పట్టేవాళ్లను బయట నిలబెట్టాను. యెల్లయ్య ఆ రోజు భయపడి లోపలికి రాకపోతే నేను ఆ కరపత్రం విప్పేవాణ్ణి కాదు. కొండ మొదట్లో అబూ ఖాలిద్ అన్న ఆ మాట నిజానికి నాదే. దానికి వద్దని చెప్పినందుకు యెల్లయ్యకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.