ఆగమంటే ఆగని గాలి

రాంగోపాల్‌పేట్ ఫొటోగ్రాఫర్ తిరుమల్ పెళ్లిలో పంతులు కన్నా పెద్ద. అతను "జెర ఆగుండ్రి" అంటే మంత్రాలు కూడా ఆగాల్సిందే, పెళ్లికొడుకు తాళి పట్టుకుని కెమెరా వైపు నవ్వాల్సిందే.

మొన్న సికింద్రాబాద్ వాళ్ల పెళ్లి తీయడానికి గ్రీసులో ఒక దీవికి వెళ్లాడు. మండపం సముద్రపు గట్టు మీద వేశారు. తలంబ్రాలకు వధూవరులు దోసిళ్లెత్తగానే అలవాటుగా "జెర ఆగుండ్రి!" అని అరిచాడు. వాళ్లు ఆగారు, గాలి ఆగలేదు. బియ్యమంతా ఎగిరొచ్చి తిరుమల్ నెత్తినే పడింది. పంతులు పగలబడి నవ్వాడు.

ఇంటికొచ్చి కెమెరా బ్యాగు తెరిస్తే పసుపు బియ్యం జలజలా రాలింది.

"అక్కడెవర్ని చేస్కొచ్చినవ్?" అని భార్య కల్పలత నడుం మీద చేతులేసుకుంది.

జరిగిందంతా చెప్పాడు.

ఆమె నవ్వాపుకోలేక, "నీ మాట ఇననిది నేనొక్కదాన్నే అనుకున్న" అంది.