భయపడేంత పరిహారం

డబ్బుకు ఆశపడి ఆమె కేసు వేసిందని జర్మనీలో, ఈ డ్యూసెల్‌డార్ఫ్‌లోని మనవాళ్లందరికీ చెప్పింది నేనే. అది అబద్ధం.

కరోనా రోజుల్లో మా టీములోని ఆ వరంగల్ అమ్మాయి గర్భవతి అని తెలిసి, రావలసిన ప్రమోషన్ ఆపింది నేను. ఆమె లేబర్ కోర్టుకెక్కింది. అక్కడ జడ్జికి అటూ ఇటూ ఇద్దరు మామూలు మనుషులు కూడా కూర్చుని తీర్పు చెబుతారు. రాజీకి కంపెనీ పెద్ద మొత్తమే ఇస్తానంది. మాట్లాడే ముందు మాస్కు వల్ల మసకబారిన కళ్లద్దాలు తీరిగ్గా తుడుచుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజూ తుడుచుకుని, "రాజీ వద్దు. ఇంకొకరికి ఇలా చేయాలంటే కంపెనీ భయపడేంత పరిహారం వేయండి. ఎంతో మీరే చెప్పండి" అని ఆ ముగ్గురితో జర్మన్‌లో అంది.

ముగ్గురూ లోపలికి వెళ్లి వచ్చి, కంపెనీ ఇస్తానన్నదానికి రెట్టింపు వేశారు.

బయట నన్ను చూసి నవ్వింది. "ఏందన్నా, గట్టిగనే తగిలిందా?"

తగిలింది. ఆ నెలలోనే మా ఆఫీసులో ఇంకో గర్భిణికి ప్రమోషన్ వచ్చింది. సంతకం పెట్టింది నేనే.